బాణీ పోయిన చోట యాస

ప్రసంగం మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని చెబుతాను. మీకు బాగా ఇష్టమైన సినిమా పాట ఒకటి మనసులో అనుకోండి. పల్లవి, చరణం నోటికి వచ్చిన పాటే కావాలి. ఇప్పుడు దాన్ని పాడకండి. రాగం తీయకండి. పేపర్లో వార్త చదివినట్టు చదవండి. పక్కన ఎవరూ లేకపోతే పైకే చదవండి.

ఏమైంది? రెండో పంక్తి దాటేసరికి నోరు తనంతట తానే రాగంలోకి జారిపోయి ఉంటుంది. పట్టుబట్టి రాగాన్ని ఆపితే ఇంకో చిక్కు. ఒకే మాట రెండుసార్లు ఎందుకు వచ్చిందో తెలియదు. పాటలో కళ్ళు చెమర్చిన చోట, చదివితే కన్ను పొడిగానే ఉంటుంది. పాట చెడ్డదని కాదు. మనం తీసేసింది అలంకారం అనుకున్నాం, తీరా చూస్తే అది వెన్నెముక.

ఈ సంగతి నాకు స్వానుభవం మీద తెలిసింది. నేను రేడియోకి లలిత గీతాలు రాసినవాణ్ణి. బాణీ ఇస్తే దాని కొలతకు మాటలు కుట్టడం, మాటలిస్తే బాణీకి సరిపోయేలా కత్తిరించడం, రెండూ చేశాను. ఒకసారి మిత్రులు కవి సమ్మేళనానికి పిలిచారు. కొత్తగా రాసింది ఏమీ లేక, నలుగురూ మెచ్చుకున్న నా పాట ఒకటి తీసుకుపోయి చదివాను. చదువుతున్నప్పుడే తెలిసిపోయింది. వేణువు పలకాల్సిన చోట ఖాళీ. తబలా నింపాల్సిన చోట నా ఊపిరి చప్పుడు. పెద్దవాళ్ళు కాబట్టి చప్పట్లు కొట్టారు. నా పాట మాత్రం ఆ సాయంత్రం నాకే ముఖం చాటేసింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు, ఎక్కడో ఇంగ్లండులో ఒక పాటల రచయిత్రి ఇదే గండాన్ని ఎలా దాటిందో తెలుసుకున్నప్పుడు, ఆమె కథ మీకు చెప్పాలనిపించింది. ఆమె పేరు పాలీ జీన్ హార్వీ. రికార్డుల మీద పీజే హార్వీ అని ఉంటుంది.

హార్వీ 1969లో ఇంగ్లండుకు నైరుతి మూల, సముద్రాన్ని ఆనుకుని ఉన్న డోర్సెట్ సీమలో పుట్టింది. కోర్స్‌కోంబ్ అనే చిన్న పల్లెలో పెరిగింది. నాన్న రాతి పని, క్వారీ పని చేసేవాడు. అమ్మ శిల్పి. ఇంటి చుట్టూ పొలాలు, గొర్రెలు. 1992లో తొలి ఆల్బమ్ వచ్చింది. గిటారు పట్టుకుని గొంతు చించుకుని పాడే రాక్ సంగీతం ఆమెది. ఆ గొంతులో కోపం, కోరిక, వెటకారం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. బ్రిటన్‌లో ఏటా అత్యుత్తమ ఆల్బమ్‌కు మెర్క్యురీ బహుమతి ఇస్తారు. ఆ బహుమతిని రెండుసార్లు గెలిచిన తొలి కళాకారిణి ఆమె. మొదటిది 2001లో, రెండోది 2011లో.

మొదటిసారి బహుమతి ప్రకటించిన తేదీ వింటే మీకూ ఒళ్ళు జలదరిస్తుంది. 2001 సెప్టెంబరు 11, అమెరికా మీద ఉగ్రవాదులు విమానాలతో దాడి చేసిన రోజు. ఆ రోజు ఆమె లండన్‌లో లేదు. కచేరీల కోసం వాషింగ్టన్‌లో ఉంది. హోటల్ కిటికీలోంచి, తగలబడుతున్న రక్షణ శాఖ భవనం పెంటగాన్ కనిపిస్తోంది. అవతల లండన్‌లో ఆమె పేరు చదువుతున్నారు. ఈ కిటికీని గుర్తుపెట్టుకోండి. ఈ కథలో ఇంకా రెండు అద్దాలు వస్తాయి.

రెండో బహుమతి తెచ్చిపెట్టిన ఆల్బమ్ పేరు 'లెట్ ఇంగ్లండ్ షేక్'. మొదటి ప్రపంచ యుద్ధం, 1915లో గాలిపోలీ తీరాన రాలిపోయిన సైనికులు, ఇంగ్లండు నేల మీద ప్రేమ, ఆ ప్రేమలోనే కలిసి ఉన్న సిగ్గు, ఇవీ అందులోని సంగతులు. డోర్సెట్‌లోనే సముద్రపు ఒడ్డున, ఈప్ అనే ఊళ్ళో ఒక చర్చిలో దాన్ని రికార్డు చేశారు. మన ప్రసంగానికి కావలసిన విషయం వేరే ఉంది. ఆ ఆల్బమ్‌కు ఆమె ముందు మాటలు రాసింది. చాలాకాలం మాటల మీదే కూర్చుంది. బాణీలు తర్వాత వచ్చాయి. అంతకుముందు గిటారు తీగ లాగితే మాట కదిలేది. ఇప్పుడు మాట ముందు నిలబడి, తీగ కోసం చూసింది.

పాటలు రాసేవాళ్ళకు ఇది చిన్న మార్పు కాదు. బాణీకి మాట రాసేటప్పుడు సగం నిర్ణయాలు బాణీయే చేసిపెడుతుంది. ఇక్కడ దీర్ఘం కావాలి, ఇక్కడ రెండు లఘువులు పడాలి, ఇక్కడ నోరు తెరుచుకునే అక్షరం ఉండాలి, లేకపోతే గాయకుడు స్వరం నిలపలేడు. కొలత ఇచ్చిన దర్జీ పనిలా ఉంటుంది. బాణీ లేనప్పుడు కొలత లేదు. గుడ్డ ఉంది, కత్తెర ఉంది, తొడుక్కునే మనిషే ఎదురుగా లేడు.

2011 నుంచి 2014 దాకా హార్వీ, షేమస్ మర్ఫీ అనే ఫోటోగ్రాఫర్‌తో కలిసి కొసావో, అఫ్ఘానిస్తాన్, వాషింగ్టన్ తిరిగింది. యుద్ధం జరిగిన రెండు చోట్లు, యుద్ధాలను నిర్ణయించే ఒక చోటు. అతను ఫోటోలు తీశాడు, ఆమె నోటు పుస్తకంలో రాసుకుంది. ఆ రాతలే 2015లో 'ది హాలో ఆఫ్ ద హ్యాండ్' అనే పుస్తకం అయ్యాయి. మన మాటల్లో చెప్పాలంటే, అరచేతి గుంట. అది ఆమె తొలి కవితల పుస్తకం. అప్పటికి ఆమె వయసు నలభై అయిదు దాటింది.

ఆ పుస్తకం గురించి నా అభిప్రాయం దాచను. అందులో చూపు ఉంది, జాలి ఉంది, పొదుపు ఉంది. కానీ చాలా కవితలు బాణీ కోసం ఎదురుచూస్తున్న పాటల్లా ఉంటాయి. ఒక దృశ్యం, ఒక వస్తువు, ఒక మనిషి, ఆ తర్వాత మౌనం. ఆ మౌనంలో డ్రమ్ము మోగి ఉంటే గుండె ఝల్లుమనేది. కాగితం మీద డ్రమ్ము ఉండదు కదా. నా కవి సమ్మేళనం సాయంత్రమే గుర్తొచ్చింది.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అవన్నీ పరాయి ఊళ్ళు. కొన్ని రోజులు ఉండి, చూసి, రాసుకుని వచ్చిన ఊళ్ళు. ఆ ప్రయాణాల నుంచే 2016లో 'ది హోప్ సిక్స్ డిమాలిషన్ ప్రాజెక్ట్' అనే ఆల్బమ్ కూడా వచ్చింది. హోప్ సిక్స్ అంటే అమెరికాలో పాత ప్రభుత్వ గృహ సముదాయాలను కూల్చి, వాటి చోట కొత్తవి కట్టిన ఒక కేంద్ర పథకం. వాషింగ్టన్‌లోని పేదల పేటల గురించి అందులో ఒక పాట ఉంది. విని, ఆ ప్రాంతపు నాయకులు నొచ్చుకున్నారు. ఆ పేటలను ఆమె కారులో కూర్చుని, చుట్టూ తిరిగి చూసింది. ఇది రెండో అద్దం, కారు అద్దం.

మూడో అద్దం మరీ విచిత్రం. ఆ ఆల్బమ్‌ను 2015 మొదట్లో లండన్‌లోని సోమర్సెట్ హౌస్‌లో ఒక అద్దాల గది కట్టి, అందులో రికార్డు చేశారు. టికెట్టు కొన్నవాళ్ళు బయట నిలబడి, లోపల పాట ఎలా తయారవుతోందో చూడొచ్చు. లోపలివాళ్ళకు బయటివాళ్ళు కనబడరు. పాట పుట్టడం పదిమంది ఎదుట జరిగే పని అని దానికంటే బాగా చూపించలేం. వాయిద్యకారులు ఉంటారు, నిర్మాతలు ఉంటారు, ఒకరు తప్పితే ఇంకొకరు అందుకుంటారు.

కవిత్వం దగ్గరికి వచ్చేసరికి ఆ గది ఖాళీ. కచేరీల పర్యటన 2017లో ముగిసింది. ఇక పాటలు రాయగలనా, రాయాలా అన్న సందేహం అప్పుడే తనను పట్టుకుందని ఆమె తర్వాత చెప్పుకుంది. పాతికేళ్ళు పాటలే బతుకుగా ఉన్న మనిషికి వచ్చిన సందేహం అది.

అలాంటి సమయంలో ఆమె ఏం చేసిందో చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. బడికి వెళ్ళింది. డాన్ పాటర్సన్ అనే స్కాట్లండ్ కవి దగ్గర శిష్యరికం చేసింది. బ్రిటన్‌లో కవిత్వానికి ఇచ్చే పెద్ద బహుమతుల్లో ఒకటైన టి.ఎస్. ఎలియట్ బహుమతిని రెండుసార్లు అందుకున్నవాడు ఆయన. పికడార్ ప్రచురణ సంస్థలో కవిత్వ విభాగానికి సంపాదకుడిగా పనిచేశాడు. పైగా జాజ్ గిటారు వాయిస్తాడు. అంటే తీగ లోతు తెలిసిన మాటలవాడు, మాట లోతు వెతుకుతున్న తీగలావిడకు గురువయ్యాడు.

ప్రపంచమంతా పేరున్న గాయని ఒక గురువు ముందు కాగితాలు పెట్టి, కొట్టివేతలు వేయించుకుని, ఇంటికెళ్ళి మళ్ళీ రాసుకొచ్చిందంటే, మనకు వింతగా అనిపించకూడదు. సంగీతంలో మనం దీన్నే సాధన అంటాం. ఏళ్ళ తరబడి సరళీ స్వరాలు పాడనిదే కచేరీ చేయనివ్వం. కవిత్వానికి వచ్చేసరికి మాత్రం, పుట్టుకతో వస్తుందిలే, మనసులో ఉంటే చాలు అంటాం. పాటలు రాసి పేరు తెచ్చుకున్నవారైతే ఇక చెప్పనే అక్కర్లేదు. పుస్తకం వేస్తామని ప్రచురణకర్తలే ఇంటికి వస్తారు. పేరు చూసి అమ్ముడుపోతుందని తెలుసు. హార్వీకి ఆ దారి తెరిచే ఉంది. ఆమె ఆ దారిన పోలేదు. మొదటి పుస్తకానికీ రెండో పుస్తకానికీ మధ్య ఏడేళ్ళు తీసుకుంది.

ఆ రెండో పుస్తకం పేరు 'ఆర్లమ్'. 2022లో వచ్చింది. అదొక దీర్ఘ కథాకావ్యం. అండర్‌వీలమ్ అనే కల్పిత పల్లె. పక్కన గోర్ వుడ్స్ అనే అడవి. ఐరా-ఏబెల్ రాల్స్ అనే తొమ్మిదేళ్ళ పిల్ల. ఆ పిల్ల బాల్యం వీడిపోయే ఒక సంవత్సరాన్ని పన్నెండు నెలలుగా, నెల తర్వాత నెల చెబుతుంది కావ్యం. ఆర్లమ్ అంటే చచ్చిపోయిన ఒక గొర్రెపిల్ల కన్ను. అన్నీ చూసే కన్ను. ఆ పిల్లను కాపాడే కన్ను. అడవిలో ఎప్పుడూ నెత్తురోడుతూ ఉండే ఒక సైనికుడి ప్రేతం ఉంటుంది, అతని పేరు వైమన్-ఎల్విస్. ఏసుప్రభువూ, రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ కలగలిసిపోయిన దేవుడు. పల్లెటూరి పిల్ల ఊహల్లో చర్చిలో విన్నదీ రేడియోలో విన్నదీ ఒకే గూట్లో దాక్కుంటాయి. మన పిల్లల ఊహల్లో గ్రామదేవతా, సినిమా హీరో పక్కపక్కన నిలబడరూ, అలాగే.

అందమైన పల్లె కథ అనుకోకండి. అందులో పల్లెటూరి క్రూరత్వం ఉంది. పెద్దవాళ్ళ తాగుడు, పిల్లల మీద జరిగే అఘాయిత్యాలు, గొర్రెల చావులు ఉన్నాయి. చిన్నప్పుడు గొర్రెల మధ్య పెరిగిన మనిషి కాబట్టి, గొర్రెపిల్ల అంటే బొమ్మలా ముద్దొచ్చే జంతువు అని రాయలేదు.

ఇదంతా ఒక ఎత్తు. అసలు సాహసం భాషలో ఉంది. 'ఆర్లమ్' కావ్యాన్ని హార్వీ డోర్సెట్ యాసలో రాసింది. పుస్తకంలో ఒక పేజీలో యాస పాఠం, ఎదుటి పేజీలో మామూలు ఇంగ్లీషు పాఠం. కింద వివరణలు, చివర పదకోశం. డోర్సెట్ యాసలో ఇంత పెద్ద పుస్తకం రాక దశాబ్దాలు గడిచిపోయాయి. ఆ యాస మాట్లాడే ముసలివాళ్ళూ తగ్గిపోయారు.

ఆ యాస ఎలా ఉంటుందో ఒకటి రెండు ముక్కల్లో చెబుతాను. మామూలు ఇంగ్లీషులో 'స' పలికే చాలా చోట్ల డోర్సెట్‌లో 'జ' లాంటి శబ్దం వస్తుంది. 'ఫ' పలికే చోట 'వ' వస్తుంది. కత్తిలా ఉన్న హల్లులు అరిగిపోయి, తేనెటీగ రొదలా తయారవుతాయి. 'లోన్‌సమ్' అంటే ఒంటరి. అది 'ల్వోన్‌సమ్' అవుతుంది. నోట్లో ఒక చుట్టు చుట్టి బయటికొస్తుంది. ఇంకో మాట నాకు మరీ ఇష్టం. 'వరల్డ్' అంటే లోకం అని మీకు తెలుసు. డోర్సెట్ నోట అది 'వర్డిల్' అవుతుంది. 'వర్డ్' అంటే మాట. ఆ యాసలో లోకం అన్నప్పుడల్లా మాట అని కూడా వినబడుతుంది. పండితులు కూర్చుని చేసిన శ్లేష కాదిది. గొర్రెలు కాసుకునేవాళ్ళ నాలుక చేసిన శ్లేష.

నాకు తోచిన సంగతి ఇప్పుడు చెబుతాను. హార్వీ పాట వదిలి కాగితం ముందు కూర్చుంది. బాణీ పోయింది. తొలి పుస్తకంలో ఆ బాణీ పోయిన చోటు ఖాళీగానే ఉండిపోయింది. రెండో పుస్తకంలో ఆ ఖాళీలోకి యాస వచ్చి కూర్చుంది. ఎందుకంటే యాస అంటేనే బాణీ. మాటలకు పుట్టుకతో ఉన్న బాణీ. ఏ అక్షరాన్ని లాగాలి, ఏ అక్షరాన్ని మింగాలి, వాక్యం చివర గొంతు లేస్తుందా దిగుతుందా, ఇవన్నీ యాస ముందే కట్టిపెట్టి ఉంచుతుంది. శ్రీకాకుళం మనిషి మాట్లాడితే, పాలమూరు మనిషి మాట్లాడితే, చిత్తూరు మనిషి మాట్లాడితే, మాటలు వినబడనంత దూరం నుంచి కూడా మీరు పోల్చుకుంటారు. రాగం బట్టి పోల్చుకుంటారు. ఏ వాద్యం సాయం లేకుండా మనిషి మాటలో పలికే సంగీతం అది. పాటలో పెరిగిన చెవి కాబట్టే ఆమెకు అది దొరికింది.

యాసతో ఇంకోటి కూడా జరిగింది. హోటల్ కిటికీ, కారు అద్దం, రికార్డింగు అద్దం, ఈ మూడూ పగిలిపోయాయి. పరాయి ఊరి బాధను అద్దం వెనక నుంచి చూసిన మనిషి, సొంత ఊరి బురదలో కాలు పెట్టింది. సొంత ఊరి యాసలో రాసేవాళ్ళు ఊరిని బయట నిలబడి చూడలేరు. నోరు తెరిస్తే చాలు, వాళ్ళు కూడా ఆ ఊరివాళ్ళేనని తెలిసిపోతుంది.

మరి ఆ మాటలు ఆమెకు ఎక్కడ దొరికాయి? కొన్ని చిన్నప్పుడు విన్నవి. చాలా వరకు ఒక పాత పుస్తకంలోవి. ఆ పుస్తకం రాసినాయన విలియం బార్న్స్. 1801లో డోర్సెట్‌లోనే పుట్టాడు. బడిపంతులు. తర్వాత చర్చిలో ఫాదరీ అయ్యాడు. ఎన్నో భాషలు నేర్చినవాడు. అంత చదువుకుని 1844లో డోర్సెట్ యాసలో పల్లె జీవితం మీద కవితల పుస్తకం వేశాడు. ఇంగ్లీషులో లాటిన్, గ్రీకు మాటలు అక్కర్లేదని ఆయన వాదం. ఫోటోగ్రాఫ్ అనకండి, ఎండ అచ్చు అనే అర్థం వచ్చేలా అచ్చమైన ఇంగ్లీషు మాట ఒకటి వాడండి అన్నాడు. నవ్వినవాళ్ళు నవ్వారు. ఆయన మాత్రం మాటలు పోగు చేస్తూనే ఉన్నాడు. డోర్సెట్ యాస పదకోశం, వ్యాకరణం 1886లో వచ్చాయి. ఆ ఏడాదే ఆయన కన్నుమూశాడు.

బడిపంతులు, వ్యవహార భాష మీద ప్రేమ, పదకోశం. తెలుగువాళ్ళకు ఈ మూడు మాటలు చెబితే నాలుగో మాట వాళ్ళే చెబుతారు: గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, సవరల భాష నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టి, జనం నోట ఉన్న తెలుగుకు బడిలో చోటు కావాలని పోరాడిన మనిషి. బార్న్స్ సంగతి మన గిడుగుకు తెలుసో లేదో చెప్పలేను, గిడుగు మాత్రం బార్న్స్‌కు తెలియడు. ఇద్దరి పనీ ఒకటే. మాటలు చచ్చిపోకముందే అటక మీద దాచిపెట్టడం. తర్వాత వచ్చేవాళ్ళు ఎవరో, ఎందుకు అటక ఎక్కుతారో వాళ్ళకు తెలియదు.

డోర్సెట్ నేలకు ఇలాంటి మలుపు కొత్త కూడా కాదు. బార్న్స్ బడి పక్కనే ఒక వాస్తుశిల్పి కార్యాలయం ఉండేది. అక్కడ పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడు థామస్ హార్డీ. పెద్దయ్యాక నవలలు రాసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. 1895లో ఆఖరి పెద్ద నవల వచ్చింది. దాని మీద తిట్లు కూడా గట్టిగానే వచ్చాయి. ఆపైన నవలలకు స్వస్తి చెప్పి, 1898లో, యాభై ఎనిమిదేళ్ళ వయసులో తొలి కవితా సంపుటి ప్రచురించాడు. తర్వాత ముప్ఫై ఏళ్ళు కవిగానే బతికాడు. బార్న్స్ కవితల్లోంచి ఏరి, 1908లో ఒక సంకలనం కూడా కూర్చాడు. జనానికి నచ్చిన కళలో పేరు సంపాదించి, నడివయసు దాటాక కవిత్వం ముందు కొత్తగా నిలబడటం అక్కడి గాలిలో ఉన్న అలవాటేమో.

మన దగ్గర ఈ నడక ఎక్కువగా ఎదురు దిక్కున సాగింది. ముందు కవులు, తర్వాత సినిమా పాట. దేవులపల్లి కృష్ణశాస్త్రి 'మల్లీశ్వరి' సినిమాకు పాటలు రాసేనాటికే భావకవిత్వానికి పెద్ద దిక్కు. దాశరథి 'అగ్నిధార' 1949 నాటిది, సినిమా పాట ఆ తర్వాతది. శ్రీశ్రీ సంగతి చెప్పనే అక్కర్లేదు. సినారె 1962లో 'గులేబకావళి కథ'తో సినిమాలోకి వచ్చేసరికి కవిగా నిలదొక్కుకున్నవారే. కెనడా కవి లెనార్డ్ కోహెన్‌ది కూడా ఇదే వరస. 1956లో కవితల పుస్తకం, 1967లో తొలి పాటల రికార్డు.

కవి పాటలోకి వస్తే మనం దిగివచ్చాడంటాం. పాటల రచయిత కవిత్వంలోకి వస్తే పైకి ఎక్కాలని చూస్తున్నాడంటాం. సినిమా కవి అనే మాటలో ఒక విరుపు ఉంది కదా, అది మనందరికీ తెలిసిన విరుపే. 2016లో అమెరికా పాటల రచయిత బాబ్ డిలాన్‌కు సాహిత్యంలో నోబెల్ బహుమతి ఇచ్చినప్పుడు ప్రపంచమంతా ఈ విరుపు మీదే కొట్టుకుంది. పాటను కవిత్వం అనొచ్చా, అనకూడదా అని. అన్నమయ్యను పదకవితా పితామహుడన్న జాతి మనది. పదం ఒకటి, పద్యం ఒకటి, రెండూ కవితలే, కానీ రెండూ ఒకటి కాదు అని ఆ బిరుదులోనే ఉంది. నాకైతే ఈ మెట్ల లెక్క మొదటి నుంచీ తప్పనిపిస్తుంది. పాట కింది మెట్టూ కాదు, కవిత పై మెట్టూ కాదు. రెండు వేరువేరు పనులు. వడ్రంగి కుమ్మరి పనికి పోతే అది ఎదగడం కాదు, దిగిపోవడమూ కాదు. చేతులు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాలి, అంతే.

'ఆర్లమ్' లోపాలు లేని పుస్తకమా అంటే, కాదు. కష్టపెట్టే పుస్తకం. యాస పేజీ చదివి, ఎదుటి పేజీకి పోయి, కింద వివరణకు దిగి, చివర పదకోశానికి పరిగెత్తి వచ్చేసరికి కవిత చేజారిపోయే ప్రమాదం ఉంది. ఇది జనం నోట నడుస్తున్న భాష కాదు, అటక మీద నుంచి దింపిన భాష. దింపినప్పుడు దుమ్ము కూడా వస్తుంది. అయినా నేను ఇలా అంటాను. తొలి పుస్తకంలో అన్నీ అర్థమై, ఏదీ వెంటపడలేదు. రెండో పుస్తకంలో సగమే అర్థమై, అది వెంటపడి వచ్చింది.

ఇంకొక్క మలుపు ఉంది, అది చెప్పి ముగిస్తాను. కావ్యం రాసే రోజుల్లో హార్వీ ఇంట్లో పియానో ముందో గిటారు పట్టుకునో కూర్చుని, పాత పాటలు పాడుకునేది. ఎవరి కోసమూ కాదు, చేతికి, గొంతుకు అలవాటు తప్పకుండా. అలా పాడుతుండగా పక్కనే ఉన్న కాగితాల మీది కవితలు గొంతులోకి వచ్చాయి. ఆమె పిలవలేదు. ఒకటి పాటైంది, ఇంకొకటి పాటైంది. 2023 జూలైలో 'ఐ ఇన్‌సైడ్ ది ఓల్డ్ ఇయర్ డైయింగ్' అనే ఆల్బమ్ వచ్చింది. మొత్తం పన్నెండు పాటలు. 'ఆర్లమ్' లోంచి పుట్టినవే. హోప్ సిక్స్ ఆల్బమ్ వచ్చి అప్పటికి ఏడేళ్ళు. ఇక పాటలు రాయగలనా అని సందేహించిన మనిషికి కవిత్వమే పాటను తిరిగి ఇచ్చింది. ఈసారి బాణీకి మాట వెతకలేదు. మాటలోనే బాణీ ఉంది. యాస దాచిపెట్టిన బాణీ.

కాబట్టి పాటలు రాసే నా తోటివాళ్ళకు, రాద్దామనుకునే కుర్రవాళ్ళకు, ఒక్క మాట. కవిత్వం రాయాలనిపిస్తే తప్పకుండా రాయండి. పాటల్లో మిగిలిపోయిన పంక్తులను పోగేసి పుస్తకం వేయకండి. ముందుగా ఒక గురువును వెతుక్కోండి. మీ పేరుకు మొహమాటపడి మెచ్చుకునేవాళ్ళు కాదు, ఎర్ర సిరాతో గీతలు పెట్టేవాళ్ళు కావాలి. తర్వాత మీ ఊరి మాటను వెతుక్కోండి. సినిమాలో నవ్వించడానికి వాడే యాస సంగతి కాదు నేను చెప్పేది. మీ అమ్మమ్మ పొయ్యి దగ్గర మాట్లాడిన యాస. కాళోజీ, మన భాష మనకు సిగ్గు కాకూడదని జీవితమంతా చెబుతూనే వెళ్ళిపోయారు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9న తెలంగాణలో భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం. రెండు పండగలూ పదకొండు రోజుల తేడాలో వచ్చిపోతాయి. దండలు వేస్తాం, ఉపన్యాసాలు ఇస్తాం. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ నోటి నుంచి పది మాటలు రాసిపెట్టుకుంటే, దండల కంటే అది మేలు.

ఆ మాటలు ఎవరికి పనికొస్తాయి అంటారా? మొదట చెప్పిన పని ఒకసారి మళ్ళీ చేయండి. ఈసారి సినిమా పాట వద్దు. మీ అమ్మమ్మ మాటొకటి, మీ ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ అనని మాటొకటి, రాగం తీయకుండా పైకి అనండి. అనలేరు. రాగం దానంతట అదే వచ్చేస్తుంది.

డోర్సెట్ బడిపంతులు తన పదకోశం అచ్చు వేయించింది 1886లో. అందులోని మాటలతో ఒక గాయని కావ్యం అల్లింది 2022లో. మధ్యలో నూట ముప్ఫై ఆరేళ్ళు.